చలి సొరంగం, ఎర్రగుట్ట బావి

ఒకటో రోజు, సోమవారం. నీళ్లు 24 అడుగులు.

ఈ నెల బావి వంతు మా ఇంటిది. రోజూ సాయంత్రం, ఎండ హారన్ రెండోసారి మోగి జనం బయటికి వచ్చాక, ముడులు వేసిన తాడు వదిలి నీళ్ల లోతు కొలిచి ఈ పుస్తకంలో రాయాలి. పోయిన నెల రాసినవాళ్లు అంకె తప్ప ఇంకేమీ రాయలేదు. నాకు అంకె పక్కన నాలుగు మాటలు పడకపోతే చెయ్యి ఊరుకోదు. పందొమ్మిదేళ్లుగా పరుగు కోచ్‌ని. ఏ పిల్ల ఎంత పరిగెత్తిందన్నదే కాదు, ఆ రోజు ఏం తిన్నది, ఎవరితో పోట్లాడింది కూడా రాసుకోవడం అలవాటు.

ఎర్రగుట్ట మీద నలభై ఆరు ఇళ్లు. మనిషికి రోజుకు రెండు బిందెలు. అందరం ఆ మాట మీద సంతకం పెట్టే ఇక్కడికి వచ్చాం. నేనూ మా ఆయన రామాంజులూ వచ్చి ఆరేళ్లయింది. అంతకుముందు పట్నంలో ఉన్నప్పుడు కోచ్ కుటుంబానికి నీళ్ల కోటా రెట్టింపు. ఒక మధ్యాహ్నం పై అంతస్తు ఆవిడ ఖాళీ చెంబు పట్టుకుని మా తలుపు దగ్గర నిలబడింది. కోటా నీళ్లు పంచితే ఉద్యోగం పోతుంది. లేవని చెప్పాను. లోపల స్నానాల గదిలో కొళాయి కారుతున్న చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఆ ఏడాదే పట్నం వదిలేశాం.

పరుగును మాత్రం వదల్లేదు. సోమ, బుధ, శుక్ర, శనివారాలు తెల్లవారుజామున సైకిల్ మీద గుట్ట చుట్టి అవతలి వైపున్న అకాడమీకి పోతాను. ఎనిమిదింటికి హారన్ మోగితే సాయంత్రం దాకా ఎవరూ ఎండలో తిరగకూడదు. అందుకే అక్కడి పిల్లలు చలి సొరంగంలో పరిగెత్తుతారు. గుండ్రటి సొరంగం, పైనుంచి సన్నటి నీటి తుంపర. కోచ్ అరచెయ్యి పలక మీద పెడితేనే తలుపు తెరుచుకుంటుంది, తుంపర మొదలవుతుంది. అలా తెరిచే ముద్ర ఉన్న కోచ్ ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. గుండె వేగం, అడుగు పొడవు, ఒంట్లో ఉప్పు, అన్నీ యంత్రమే చెప్తుంది. ఇక నావల్ల కాదనుకున్న పిల్లను ఇంకో చుట్టు తిప్పడం మాత్రం దానికి ఇంకా చేతకాలేదు.

నా దగ్గర ముగ్గురున్నారు. వాళ్లలో చిత్రావతి మా గుట్ట పిల్లే, బావి పెద్ద సుంకన్న మామ మనవరాలు. పందొమ్మిదేళ్లు. రెండేళ్లుగా అకాడమీ హాస్టల్లో ఉంటోంది. ఇరవై ఏడో రోజున పట్నంలో, చల్లబరిచిన మైదానంలో, జాతీయ జట్టుకు పదివేల మీటర్ల ఎంపిక పోటీ. నలుగురిని తీసుకుంటారు. ఇవాళ చిత్ర తన జీవితంలోకెల్లా మంచి టైము చేసింది.

ఆరో రోజు, శనివారం. 19 అడుగుల 6 అంగుళాలు.

ఆరు రోజుల్లో నాలుగున్నర అడుగులు తగ్గాయి. తాడు తప్పు చూపిస్తోందేమోనని రెండుసార్లు వేశాను. సుంకన్న మామ మూడోసారి వేశాడు.

"ఎవురో మూడో బిందె తోడతా ఉండారమ్మా," అన్నాడు. "నలభై ఏండ్లు సూసినా ఈ బాయిని. ఊరకే ఇంత తగ్గదు."

ఎనిమిది అడుగుల కిందకి పోతే మిగిలేది బురదే. ఆ లెక్క అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

సొరంగంలో ఇప్పుడు తుంపర పైనుంచే కాదు, రెండు గోడల నుంచీ వస్తోంది. బుధవారం నుంచి అలా మార్చారు. పిల్లలు చలికి వణుకుతూ నవ్వుతున్నారు.

పదో రోజు, బుధవారం. 16 అడుగుల 6 అంగుళాలు.

సుంకన్న మామ ఇంటింటికీ తిరిగి బిందెలు లెక్కపెడుతున్నాడు. లింగమ్మ ఇంటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆమె కోడలు బాలింత. పసిబిడ్డ గుడ్డలు తీగ మీద వరసగా ఆరేసి ఉన్నాయి.

"గుడ్డలు శానా ఉండాయే లింగమ్మా," అన్నాడు.

"బిడ్డ పుట్టినాక గుడ్డలుండవా? మా ఇద్దరి స్నానాల నీళ్లు దాచి ఉతుకుతా ఉండా. కావాలంటే వాసన సూడు," అంది లింగమ్మ. ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నిన్నటిదాకా ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకు తిరిగిన వీధి ఇది.

పదకొండో రోజు, గురువారం. 16 అడుగుల 6 అంగుళాలు.

ఇవాళ తగ్గలేదు.

పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మంగళవారం తగ్గలేదు. ఆదివారం తగ్గలేదు. పోయిన గురువారమూ తగ్గలేదు. తగ్గిన రోజుల పక్కన గీత గీస్తూ వచ్చాను. బుధవారం, శుక్రవారం, శనివారం, సోమవారం, మళ్లీ బుధవారం. ప్రతిసారీ ఒకటిన్నర అడుగు.

అవి నేను అకాడమీకి పోయే రోజులు.

రామాంజులు కొర్రలు చెరుగుతూ ఏమైందని అడిగాడు. తలనొప్పి అన్నాను.

పన్నెండో రోజు, శుక్రవారం. 15 అడుగులు.

పరుగు అయ్యాక చిత్ర పక్కన కూర్చుని, గోడల నుంచి వచ్చే తుంపర ఎక్కడిదని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"కొత్త బోర్లు ఏసినారు గదక్కా. ఏడు. మన గుట్ట కిందనే. నీళ్లు ఎట్ల వస్తా ఉండాయో సూడు!" అంది. తడిసిన జుట్టు పిండుకుంటూ ఎంత సంతోషంగా చెప్పిందో. ఆ పిల్లకు ఏమీ తెలియదు.

పంపుల గది తలుపు తీసే ఉంది. లోపల గోడకున్న తెర మీద ఆ రోజు వాడిన నీళ్లెన్నో చూపిస్తోంది. తల్లోనే బిందెల్లోకి మార్చుకున్నాను. ఒక్క పూట పరుగుకు పోయిన నీళ్లు ఎర్రగుట్ట మొత్తం పదకొండు రోజులు వాడుకునే నీళ్లు.

పదమూడో రోజు, శనివారం. 13 అడుగుల 6 అంగుళాలు.

అకాడమీ డైరెక్టర్ నళినీకాంత్ గారికి పుస్తకం చూపించాను. ఆయనా ఒకప్పుడు పరిగెత్తినవాడే. మోకాలు చెడి మానేశాడు. ఒక్కొక్క పేజీ నెమ్మదిగా తిప్పాడు. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"మీ బావికీ మా బోర్లకూ నీళ్లొచ్చే బండ కింద చీలిక ఒకటేనని బోర్లు వేసినవాళ్లు చెప్పారు. మీ బావి దాకా లాగుతుందని అనుకోలేదు," అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది కదా సార్, ఆపండి."

"పద్నాలుగు రోజులు, చౌడేశ్వరి గారూ. పోటీ అయిన మర్నాడే ఐదు బోర్లు ఆపేస్తాను. ఇప్పుడు ఆపితే ముగ్గురు పిల్లల రెండేళ్ల కష్టం పోతుంది. ఈలోగా మీ గుట్టకు ట్యాంకర్ పంపుతాను."

"ట్యాంకర్‌లో నీళ్లు ఎక్కడివి?"

ఆ బోర్లవేనని ఇద్దరికీ తెలుసు.

నేను లేచేటప్పుడు, "మీ వారిని తీసుకుని ఇక్కడికి వచ్చేయండి. హెడ్ కోచ్ క్వార్టర్సు ఖాళీగానే ఉంది. బోర్ల సంగతి ఈ పద్నాలుగు రోజులూ మన మధ్యే ఉంటే చాలు," అన్నాడు.

సరేననలేదు, కాదనలేదు. సైకిల్ తీసుకుని వచ్చేశాను.

పద్నాలుగో రోజు, ఆదివారం. 13 అడుగుల 6 అంగుళాలు.

సాయంత్రం బావి దగ్గర సభ. ఎవరో లింగమ్మ పేరెత్తారు. బాలింతరాలి ఇల్లు కదా, మూడో బిందె వాళ్లే తోడుతున్నారని. ఆమెను నిలబెట్టి అడిగారు. ఆమె ఒక్కొక్కరి మొహమూ చూస్తూ లేదని చెప్పింది. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు. చివరికి వాళ్లింటికి రోజుకు ఒక బిందె తగ్గించారు.

నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నోరు విప్పలేదు.

ఇంటికి వచ్చాక రామాంజులుకు అంతా చెప్పాను.

"అక్కడ ఎందుకు చెప్పకపోతివి?"

"చిత్ర పోటీ అయిపోనీ అనుకున్నా. పదమూడు రోజులే."

"చిత్ర కోసమా, నీ కోసమా?"

"రెండూ! పందొమ్మిదేళ్ల పని నాది. నా చేతిలో ఒక్క పిల్ల కూడా అంతదాకా పోలేదు. ఈ పిల్ల పోతుంది. నీకు చేనుంది. నాకు ఇది తప్ప ఏముంది?"

"సరే," అన్నాడు. "రేపు లింగమ్మ బిందె ఎత్తుకుని వస్తే, ఆమెకి ఇట్లనే చెప్పు."

పదిహేనో రోజు, సోమవారం. 12 అడుగులు.

పలక ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక ముగ్గురూ కాళ్లు సాగదీస్తూ ఎదురుచూస్తున్నారు. "ఏమక్కా, తలుపు మొరాయిస్తా ఉందా?" అంది చిత్ర.

తెలిసీ అరచెయ్యి పెట్టాను. తుంపర మొదలైంది.

పదహారో రోజు, మంగళవారం. 12 అడుగులు.

ఉదయం హారన్ మోగాక, వీధిలో ఎవరూ ఉండని సమయం చూసి, లింగమ్మ ఒక్కతే బావి మెట్లు దిగింది. లోపల రాతి సందులో సన్నగా ఊట ఊరుతుంది. అది ఎవరి లెక్కలోకీ రాదు. చెంబుతో ఆ ఊట పట్టుకుందామని పోయింది. పాచి మీద కాలు జారి, తొమ్మిది మెట్ల కింద పడింది.

కేక విని పరిగెత్తాం. తుంటి విరిగింది. నలుగురం కలిసి పైకి మోసుకొచ్చి మా వసారాలో పడుకోబెట్టాం. ఎండ గంటల్లో అంబులెన్సు రాదు. ఇంజిను కాలిపోతుందంటారు. సాయంత్రం దాకా ఆగమన్నారు. ఎనిమిది గంటలు. తడి గుడ్డ నుదుటి మీద మార్చి మార్చి వేస్తూ నేను ఆమె పక్కనే ఉన్నాను. నా రెండు బిందెలూ దానికే అయిపోయాయి.

మధ్యాహ్నం ఎప్పుడో కళ్లు తెరిచింది. "చౌడమ్మా, పుస్తకం నీ దగ్గరే గదా?"

"నా దగ్గరే అత్తా."

"నేను మూడో బిందె తీసుకోలేదని దాంట్లో రాయి. చచ్చిపోతానేమో. బిడ్డ పెద్దయినాక వాళ్లవ్వ నీళ్లు దొంగిలించిందని అనకూడదు."

రాస్తున్నాను. లింగమ్మ మూడో బిందె తీసుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. ఈ సంగతి గురువారం నుంచి నాకు తెలుసు.

సాయంత్రం ఆమెను ఆసుపత్రికి పంపించి, జనాన్ని బావి దగ్గరికి పిలిచాను. ఒకటో రోజు నుంచి ప్రతి పేజీ చదివాను. చదవడం అయ్యాక సుంకన్న మామ లేచాడు.

"ఎన్ని దినాల నుంచి తెలుసు నీకు?"

"ఐదు రోజుల నుంచి."

"ఆదివారం లింగమ్మను నిలబెట్టినప్పుడు?"

"అప్పటికే తెలుసు మామా."

ఎవరో ఆడమనిషి ఏడ్చింది. ఇంకెవరో పుస్తకం లాక్కోబోయారు. సుంకన్న మామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మొహం చూడలేకపోయాను. తన మనవరాలు పరిగెత్తేది ఆ తుంపరలోనే. అందరికంటే ముందు అది ఆయనకే తట్టి ఉంటుంది.

"ఆమె దగ్గరే ఉండనీ," అన్నాడు. "రాయి. అంతా రాయి. నీది గూడా రాయి."

పదిహేడో రోజు, బుధవారం. 12 అడుగులు.

మామూలుగానే సైకిల్ తీశాను. పలక దగ్గర పిల్లలున్నారు. నళినీకాంత్ గారిని కూడా అక్కడికే రమ్మన్నాను. ఇక చెయ్యి పెట్టనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

"ముద్ర రద్దవుతుంది," అన్నాడాయన. "పోటీ ముందు పిల్లల్ని వదిలేసిన కోచ్‌ను ఏ అకాడమీ తీసుకోదు. ఆలోచించారా?"

"ఆలోచించాను సార్."

"ఈ పిల్లలకు చెప్పండి మరి." ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా వినిపించింది.

మిగతా ఇద్దరూ తల దించుకున్నారు. చిత్ర మాత్రం నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా తాత చెప్పమన్నాడా?"

"లేదు. మీ తాత నీ పేరే ఎత్తలేదు."

"అయితే నాకెందుకక్కా శిక్ష? బోర్లు నేను ఏసినానా? ఊపిరి ఉన్నంతసేపు నిలబడొద్దని నువ్వే గదా నేర్పింది? ఇప్పుడు నువ్వే నిలబెడతా ఉండావు!"

"తెల్లవారుజామున బయట పరిగెత్తిద్దాం. హారన్‌కు ముందు మూడు గంటలుంటుంది. నేను..."

"ఎండలో పరిగెత్తి చలి పోటీకి పోవాల్నా?" అంది. నా అరచెయ్యి పట్టుకుని పలక వైపు లాగింది. నేను వేళ్లు ముడుచుకున్నాను. ఆ పిల్లకు నాకంటే బలం ఎక్కువ. అయినా ఒక క్షణం లాగి వదిలేసింది. వెనక్కి తిరిగి చూడకుండా హాస్టల్లోకి పోయింది.

పందొమ్మిదో రోజు, శుక్రవారం. 12 అడుగులు.

సుంకన్న మామా రామాంజులూ ఈ పుస్తకంలోని పేజీలకు నకళ్లు తీయించుకుని నీళ్ల ఆఫీసుకు పోయి ఇచ్చొచ్చారు. కొలతలు వేయాలి, నెల పడుతుందన్నారట. వేరే రాష్ట్రం నుంచి కోచ్‌ను తెప్పించాలని నళినీకాంత్ గారు ప్రయత్నిస్తున్నారని తెలిసింది. నా ముద్ర రద్దయినట్టు ఇవాళే కబురొచ్చింది. రెండు వాక్యాలు.

చిత్రతో పాటు ఉన్న ఇద్దరూ ఇంకో అకాడమీకి మారిపోయారు. చిత్ర ఎక్కడికీ పోలేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదట.

ఆసుపత్రికి పోయాను. లింగమ్మకు ఆపరేషన్ చేశారు, బతుకుతుంది. నన్ను చూసి గోడ వైపు తిరిగింది. కాసేపు కూర్చుని వచ్చాను.

ఇరవై ఒకటో రోజు, ఆదివారం. 12 అడుగుల 6 అంగుళాలు.

అరడుగు పెరిగింది. రెండుసార్లు కొలిచాను.

తెల్లవారుజామున వాకిలి ఊడుస్తుంటే గుట్ట మీది దారిలో ఎవరో దిగుతూ కనిపించారు. చిత్ర. ఆరు కిలోమీటర్లు గుట్ట మీదుగా పరిగెత్తి వచ్చింది. పిక్కల మీద ముళ్ల గీతలు, ఒళ్లంతా చెమట.

"చిత్రా..."

"మాట్లాడొద్దు. సరిగ్గా ఐదుకు బయల్దేరినా. టైము చెప్పు, చాలు."

చెప్పాను. చాలా చెడ్డ టైము. తల ఊపి, వెనక్కి తిరిగి మళ్లీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది.

ఇరవై నాలుగో రోజు, బుధవారం. 13 అడుగులు.

నాలుగు రోజులుగా నాలుగున్నరకల్లా వస్తోంది. గుట్ట కింద మట్టిదారిలో పరిగెత్తిస్తున్నాను. యంత్రం లేదు. మెడ మీద వేళ్లు పెట్టి గుండె లెక్కపెడతాను. ఎండకు వేగం పడిపోతోంది, రెండేళ్లు చలిలో పెరిగిన ఒళ్లు కదా. ఇవాళ ఒకసారి వాంతి చేసుకుంది. ఆపమన్నాను. ఆపలేదు. అడ్డం నిలబడి ఆపాను.

సుంకన్న మామ తన వంతులోంచి చెంబుడు నీళ్లు తెచ్చి దారి చివర పెట్టి పోయాడు. చిత్ర ఆ చెంబు వంక చాలాసేపు చూసి, సగం తాగి, సగం ఇంటికి పట్టుకుపోయి ఆయనకే ఇచ్చింది. పదిహేడో రోజు తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

ఇరవై ఏడో రోజు, శనివారం. 13 అడుగుల 6 అంగుళాలు. కొలిచింది రామాంజులు.

పోటీ పట్నంలో. ముద్ర లేనిదాన్ని కాబట్టి నన్ను ట్రాక్ దగ్గరికి రానివ్వలేదు. పై వరసలో, చిన్నపిల్లలతో వచ్చిన తల్లుల మధ్య కూర్చున్నాను.

ఇరవై ఐదు చుట్లు. పదిహేను దాకా చిత్ర ముందు గుంపులోనే ఉంది. పదహారులో భుజాలు పైకి లేచాయి. అలసినప్పుడు అలా లేస్తాయి. కిందికి దించమని చెప్పడానికి నేను అక్కడ లేను. ఇరవై రెండో చుట్టుకు తనంతట తానే దించుకుంది. నేను లేచి నిలబడి అరుస్తున్నానని పక్కనావిడ నా కొంగు లాగేదాకా తెలియలేదు. ఆఖరి చుట్టులో ఇద్దర్ని దాటింది. ఇంకో మనిషి భుజం దాకా వచ్చింది.

ఐదో స్థానం. నాలుగో పిల్లకంటే సెకనులో పదో వంతు వెనక. మూడో స్థానంలో వచ్చింది మొన్నటిదాకా నా దగ్గర పరిగెత్తిన పిల్లే, ఇంకో అకాడమీకి మారిన ఇద్దర్లో ఒకతె.

బస్సులో చిత్ర కిటికీ పక్కన కూర్చుంది. నేను రెండు వరసల వెనక కూర్చున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు, ఆదివారం. 14 అడుగులు.

నీళ్ల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొలతలు పూర్తయ్యేదాకా అకాడమీ ఏడు బోర్లలో రెండింటికి మించి తిప్పకూడదు. కొత్త కోచ్ వచ్చే వారం చేరుతున్నాడట. కొలతల తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. లింగమ్మను ఇంటికి తెచ్చారు. తగ్గించిన బిందె తిరిగి ఇచ్చి, సుంకన్న మామ అందరి ముందూ ఆమెకు దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన దండం తీసుకుంది. నాది తీసుకోలేదు.

సాయంత్రం తాడు చుడుతుంటే చిత్ర వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. హాస్టల్ ఖాళీ చేసి వచ్చేసిందట, సంచీ పక్కనే ఉంది.

"ఒకటి అడగతా. నిజం చెప్పు. నువ్వు ఆపకుండా ఉంటే నేను గెలిచిండేదాన్నా?"

ఓదార్చడానికి చాలా మాటలున్నాయి. పందొమ్మిదేళ్లలో ఎన్నో నేర్చుకున్నాను. ఆ రోజు ఒంట్లో ఎట్లుంటుందో ఎవరు చెప్పగలరనొచ్చు. పోటీ అంటేనే అంత అనొచ్చు.

"ఆ నాలుగు స్థానాల్లో ఒకటి నీదే అయ్యుండేది," అన్నాను. "బహుశా రెండోది."

కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మల్లా అట్లే వస్తే? మల్లా ఆపుతావా?"

"ఆపుతాను. ఈసారి ఐదు రోజులు ఆగను."

ఆ పిల్ల నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు కూడా. లేచి సంచీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేసింది. అక్కడే ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"రేపు ఎన్ని గంటలకు?"

"నాలుగున్నరకు."

"నాలుగుకు వస్తా," అంది.